ఒకే మైనం ముద్దతో

జనవరి 11

ఆహ్వాన పత్రాలు ప్రెస్ నుంచి వచ్చాయి. దళసరి కాగితం, ముదురు నీలం అట్ట, దాని మీద నాలుగు తెడ్లూ చాచి ఈదుతున్న పొడుగుమెడ. ఆ బొమ్మ గీసింది నేను. కింద ఉపన్యాసం శీర్షిక: "మెడ పెరిగింది, వేగం తగ్గింది: అంతరించిన సముద్ర సరీసృపాల ఒంటి తీరు." ఆ శీర్షిక పెట్టిందీ నేనే. దాని కింద ఉపన్యాసకుడి పేరు. అది మాత్రం మా ఆయనది.

వెనక్కి తిప్పి చూశాను, సన్న అక్షరాల్లోనైనా ఎక్కడో ఒకచోట ఉంటుందేమోనని. ప్రెస్ వాళ్ల ఫోన్ నంబరు ఉంది.

జనవరి 12

ఎవరు ఏం చేశారో ఇక్కడ రాసి పెట్టుకుంటాను. ఇంకో ఏడాది గడిస్తే అంతా ఆయనే చేశారని నేనే నమ్మేలా ఉన్నాను.

మ్యూజియం నేలమాళిగలో ఉన్న అద్దాల తొట్టి కట్టించింది నేను. వసారా అంత పొడుగు తొట్టి, పైన పట్టాలు, పట్టాల మీద చిన్న బండి, బండికి వేలాడే స్ప్రింగు త్రాసు. మైనంతో జంతువుల నమూనాలు పోసి, మునగడానికి కడుపులో సీసం గుళ్లు పెట్టి, బండికి కట్టి నీళ్లలో లాగడం నా పని. లాగడానికి ఎంత బలం పడుతుందో త్రాసు చెబుతుంది. ఆ ఒంటిని నీళ్లు ఎంత వెనక్కి పట్టుకుంటున్నాయో దాన్నిబట్టి తెలుస్తుంది. నాలుగేళ్లుగా నేను చేస్తున్నది ఇదే. చేతులకు ఎప్పుడూ మైనం వాసన.

నేల మీద బతికి, మళ్లీ నీళ్లలోకి దిగిపోయిన సరీసృపాలు ఇవన్నీ. మనిషి అనేవాడు పుట్టడానికి కోట్ల ఏళ్ల ముందే పోయాయి. చేపబల్లి, అదే ఇక్తియోసార్, కాళ్లు తెడ్లై, తోక రెక్కై, చివరికి అచ్చం చేప ఆకారానికి వచ్చేసింది. పొడుగుమెడ, అదే ప్లీసియోసార్, ఆ దారిన పోలేదు. తాబేలు ఒంటికి పాము మెడ అతికించినట్టు తయారైంది. అంత మెడ వేసుకుని నీళ్లలో ఎలా ఈదిందన్నదే ప్రశ్న. అన్ని నమూనాలూ ఒకే పొడుగులో పోసి లాగి చూశాను. కిలో ఒంటికి లెక్కకడితే పొడుగుమెడకు బలం చాలా ఎక్కువ పట్టింది. మెడ వేగాన్ని తినేసింది అని తేల్చాను.

తేల్చింది నేను. ఆయన నేలమాళిగకు కిందటేడు రెండుసార్లు వచ్చారు. ఒకసారి గొడుగు కోసం.

జనవరి 13

అడిగాను. భోజనాల దగ్గర కాదు, అత్తయ్య ఉన్నారని. బట్టలు మడతపెడుతూ అడిగాను.

"ఉపన్యాసానికి ఒక్కరి పేరే వేస్తారు," అన్నారు. "అది పద్ధతి. నేను పెట్టింది కాదు."

"పద్ధతి ప్రకారం పని చేసినవాళ్ల పేరు వేస్తారు."

"చివర్లో థాంక్స్ చెప్తాగా. స్లైడు కూడా పెట్టాను నీకోసం. చూస్తావా?"

చూడనన్నాను. ఆయన చొక్కా మడత విప్పి మళ్లీ మడతపెట్టాను.

జనవరి 14

చివర్లో థాంక్స్.

జనవరి 17

ఇవాళ కోపం లేదు. ఉన్నదేదో చల్లారింది. ఆయన చెడ్డవారు కాదు. ఇది రాసేటప్పుడు ఎవరో వెనక నిలబడి రాయిస్తున్నట్టు ఉంది, కానీ నిజమే, చెడ్డవారు కాదు. నాకు జ్వరం వస్తే సెలవు పెడతారు. గొంతు పెంచరు. చదువుకునే రోజుల్లో ఇద్దరం ఒకే బల్ల మీద కూర్చుని ఎముకలు తుడిచాం. అప్పుడు నాకంటే ఆయనే నిదానం. చేపబల్లి వెన్నుపూసను కుడి ఎడమలు తారుమారు చేసి అతికిస్తే, మాస్టారు చూడకముందే నేను ఊడదీసి సరిచేశాను.

తర్వాత ఇక్కడ ఒక్క ఉద్యోగం పడింది. ఒకే ఇంటి నుంచి ఇద్దరికి పర్మనెంటు కుదరదని డైరెక్టరు అన్నారు. "మీ ఇద్దరిలో ఎవరో మీరే తేల్చుకోండి" అని పెద్దమనిషి తరహాగా నవ్వారు. మేము తేల్చుకున్నాం. అంటే ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు, నేను "నువ్వే చేరు" అన్నాను. నాది ఏడాది ఏడాదికీ పొడిగించే కాంట్రాక్టు. విభాగాధిపతి సంతకం కావాలి. ఆయనే విభాగాధిపతి.

చెడ్డవారు కాదని రాయడానికి కూర్చుని ఎక్కడికి వచ్చాను.

జనవరి 24

మైనం అయిపోయింది. స్టోర్‌కి వెళ్లాను.

"సార్ సంతకం లేదమ్మా," అన్నాడు స్టోర్ కీపరు, నా కాగితం నాకే చూపించి.

"పదిహేను రోజులైంది పెట్టి."

"నిజమే. సార్ టేబుల్ మీదే ఉండిపోయింది. ఆఫీసులో దొరకట్లేదు సారు, సభ హడావిడి కదా."

"సారు మా ఇంట్లోనే ఉంటారు."

"అయితే ఇంట్లోనే పెట్టించుకురండమ్మా, నాకేంటి," అన్నాడు. ఎగతాళికి అనలేదు. అదే ఎక్కువ మండించింది.

ఇంటికి వచ్చి అడగలేదు. ఇంట్లో కూడా క్యూలో నిలబడాలా?

జనవరి 28

సంతకం రాలేదు. పొట్టిమెడ నమూనాను కరిగించేశాను. పొడుగుమెడ వాటికి అదీ చుట్టమే, పెద్ద తల, కురచ మెడ, లావు ఒళ్లు. దాన్ని పోసిన మైనంతోనే, ఒక్క చుక్క ఎక్కువా తక్కువా కాకుండా, పొడుగుమెడ పోశాను. కోపంతో చేసిన పని. మొన్న ఆయన సభలో చూపించడానికి ఇంకో పొడుగుమెడ కావాలన్నారు కదా, ఇదిగో ఉన్నదాంతోనే చేశాను అని చెప్పడానికి.

పోశాక చూస్తే పాత పొడుగుమెడ కంటే బాగా పెద్దదిగా వచ్చింది. రావాలి కదా. మైనం అంత ఉంది.

రేపు లాగి చూస్తాను.

జనవరి 29

ఒకటే.

పొట్టిమెడకు ఎంత బలం పట్టిందో పాత లెక్కల్లో ఉంది. కొత్త పొడుగుమెడకు దాదాపు అంతే పట్టింది. త్రాసు చెడిందేమోనని వేరే త్రాసు కట్టాను. నీళ్లు మార్చాను. తీగ మార్చాను. మళ్లీ లాగాను. అంతే.

జనవరి 30

నిన్న రాత్రి ఏమీ తినాలనిపించలేదు. ఇప్పుడు స్పష్టంగా ఉంది. ఎంత మొద్దునో కూడా స్పష్టంగా ఉంది.

ఒకే పొడుగున్న పామునూ పందినీ పక్కపక్కన పెట్టి, కిలోకి ఎంత అని లెక్కకట్టాను నాలుగేళ్లు. ఒకే పొడుగులో పోస్తే పొడుగుమెడలో సగానికి పైగా మెడే, ఒళ్లు పిసరంత. చిన్న ఒంటిని నీళ్లు కిలోకి ఎక్కువే పట్టుకుంటాయి, మెడ ఉన్నా లేకున్నా. అది చిన్న ఒంటి కష్టం. నేను మెడ నెత్తిన రుద్దాను. ఒకే బరువులో పోస్తే తేడా కొట్టుకుపోయింది.

పైన హాల్లో వేలాడదీస్తున్న పొడుగుమెడ అస్థిపంజరాన్ని వెళ్లి చూశాను. పక్కటెముకలు పడవంత. రోజూ చూస్తూనే ఉన్నాను. మెడ అంత పెరగాలంటే ముందు ఒళ్లు అంత పెరిగి ఉండాలి. పెద్ద ఒళ్లు ఉంది కాబట్టే ఆ మెడను ఊరికే మోసింది. వేగం తగ్గలేదు. శీర్షికే తప్పు. ఆహ్వానపత్రం అట్ట మీద నీలం సముద్రంలో తెల్లటి అక్షరాల్లో తప్పు.

ఆయనకు చెప్పాలి.

జనవరి 31

చెబుదామని గదిలోకి వెళ్లాను. ఫోన్లో ఉన్నారు. చెయ్యెత్తి ఆగమన్నారు. చాలాసేపు ఆగాను. తర్వాత చూస్తే చెయ్యి అలాగే ఎత్తి ఉంది, నన్ను ఆపినట్టు మర్చిపోయారు.

ఫిబ్రవరి 2

అలసిపోయి వచ్చారు. రేపు.

ఫిబ్రవరి 3

అత్తయ్యను చెవి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి. కుదరలేదు.

ఫిబ్రవరి 6

మైనం కాగితం మీద సంతకం పెట్టి పంపారు. ఇప్పుడు.

ఫిబ్రవరి 9

హాల్లో కూర్చుని వాళ్లమ్మ ముందు ఉపన్యాసం ప్రాక్టీసు చేశారు. అత్తయ్య కుడి చెవి పని చేయదు, ఎడమ చెవి అటు తిప్పి శ్రద్ధగా విన్నారు. నేను వంటింటి గుమ్మంలో నిలబడ్డాను.

మాట బాగుంటుంది ఆయనది. ఎక్కడ ఆపాలో తెలుసు. "ప్రకృతి ఈ జంతువుకు ఒకటి ఇచ్చి ఒకటి తీసుకుంది" అన్నారు. అది నేను ఒకసారి కాఫీ తాగుతూ అన్న మాట. అప్పుడు బాగానే ఉంది అనిపించింది. ఇప్పుడు ఆయన నోట వింటే చవకబారుగా ఉంది.

"అంత మెడ ఉంటే గుటక పడటానికి ఎంతసేపురా?" అని అడిగారు అత్తయ్య.

"అది వేరే సబ్జెక్టమ్మా."

"తినడం వేరే సబ్జెక్టా."

నాకు నవ్వొచ్చింది. ఆయనా నవ్వారు. కాసేపు ఇల్లు ఇల్లులాగే ఉంది. అప్పుడు చెప్పేసి ఉండొచ్చు.

ఫిబ్రవరి 12

ఒకటి ఆలోచిస్తున్నాను. నేను చెబితే ఏమవుతుంది? ఆయన శీర్షిక మారుస్తారు, స్లైడ్లు మారుస్తారు, "ఒళ్లు పెరిగింది, మెడను మోసింది" అని మరింత గొప్పగా చెబుతారు. నాలుగేళ్ల పనిని ఇచ్చాను. ఆ తప్పును దిద్దిన పనినీ ఇవ్వాలి. చివర్లో ఇంకో స్లైడు.

నేను చెప్పకూడదని అనుకోవడం లేదు. ఇంకోసారి లెక్కలు సరిచూసుకుంటున్నాను, అంతే. ఖాయం కాకుండా చెప్పడం బాధ్యత కాదు.

ఫిబ్రవరి 13

ఖాయమని నాకు జనవరి 30నే తెలుసు.

ఫిబ్రవరి 16

బూట్లు తొడుక్కుంటూ, ఒక చెయ్యి తలుపు గడియ మీద పెట్టి, "లెక్కలన్నీ బావున్నాయిగా?" అన్నారు.

"బావున్నాయి," అన్నాను.

ఇది అడగడం కాదు. తలుపు తీస్తూ అడిగేది అడగడం కాదు. గ్యాస్ కట్టేశావా అన్నట్టు అడిగారు. కూర్చుని, నా మొహం చూసి, "ఏం చేశావు, ఎలా చేశావు, ఎక్కడ అనుమానం ఉంది" అని అడిగితే అప్పుడు అడిగినట్టు.

అడగలేదు.

ఫిబ్రవరి 20

సభ జరిగింది. ఇవాళే రాయాలి.

హాలు నిండింది. పైన కొత్తగా వేలాడదీసిన పొడుగుమెడ కిందే కుర్చీలు వేశారు. ముందు వరసలో డైరెక్టరు, అత్తయ్య. నేను పక్క వరసలో, నమూనాల పెట్టె ఒళ్లో పెట్టుకుని. అడిగినప్పుడు అందించడం నా పని.

ఆయన బాగా మాట్లాడారు. నమూనా అడిగారు, అందించాను. చప్పట్లు కొట్టారు. చివరి స్లైడు వచ్చింది, థాంక్స్‌ది. డైరెక్టరు పేరు, ప్రెస్ పేరు, అస్థిపంజరం వేలాడదీసిన క్రేను వాళ్ల పేరు, తర్వాత "మరియు కుటుంబసభ్యులకు". నేను కుటుంబసభ్యులను.

ప్రశ్నలడగమన్నారు. వెనక నుంచి ఒకావిడ లేచింది, తల నెరిసిన పొట్టి జుట్టు ప్రొఫెసరు, వేరే సంస్థ నుంచి వచ్చింది. నెమ్మదిగా అడిగింది.

"అన్నీ ఒకే పొడుగులో పోల్చారు కదండీ. ఒకే బరువులో పోల్చి చూశారా? చిన్న ఒంటికి కిలోకి ఎలాగూ ఎక్కువే పడుతుంది కదా. అది మెడ వల్లో, చిన్నదవడం వల్లో ఎలా విడదీశారు?"

ఆయన "మంచి ప్రశ్న" అన్నారు. కాగితాలు తిరగేశారు. నా వైపు చూశారు. ఒక్క క్షణం నాకు జాలి వేసింది. నిజం, ఆ ఒక్క క్షణం ఎలాగైనా అందించాలనిపించింది, పెట్టెలోంచి నమూనా తీసిచ్చినట్టు జవాబు తీసివ్వాలనిపించింది.

అప్పుడు నవ్వి అన్నారు. "ఈ లెక్కలు నేను స్వయంగా చేసినవి కావు. మా ఆవిడ చేశారు." నా పేరు కూడా చెప్పారు, ఇంటిపేరుతో సహా. "ఆవిడ ఇక్కడే ఉన్నారు. పొరపాటు ఎక్కడ జరిగిందో ఆవిడనే అడుగుదాం."

నాలుగేళ్లలో నా పేరు ఆ హాల్లో వినిపించడం అదే మొదలు.

అందరూ తిరిగి చూశారు. లేచాను. పెట్టె ఎక్కడ పెట్టాలో తెలియక చంకలో పెట్టుకునే లేచాను.

"ప్రొఫెసరుగారు చెప్పింది సరైనది," అన్నాను. "ఒకే పొడుగులో పోల్చడం నా తప్పు. ఒకే బరువులో పోసి లాగి చూశాను. తేడా దాదాపు లేదు. పొడుగుమెడ నెమ్మదిగా ఈదిందని చెప్పడానికి మా దగ్గర ఆధారం లేదు. ఈ ఉపన్యాసం శీర్షిక తప్పు."

"ఎప్పుడు చూశారు?" అని అడిగింది ఆవిడ.

నిన్న అనొచ్చు. ఎవరికి తెలుస్తుంది?

"మూడు వారాలైంది," అన్నాను.

హాలు ఎలా అయిపోయిందో రాయలేను. ఆయన మైకు దించలేదు. "మరి నాకు..." అన్నారు, మైకులోనే, అందరికీ వినబడేలా.

"మీరు అడగలేదు," అన్నాను.

ఫిబ్రవరి 21

అతను మాట్లాడటం లేదు.

ఈ పుస్తకంలో ఇన్నాళ్లూ "ఆయన" అని రాస్తూ వచ్చాను. ఎవరూ చదవని చోట కూడా మర్యాద. ఇద్దరమే ఉన్నప్పుడు నువ్వు అనే పిలుస్తాను కదా. ఇక్కడెందుకు? అతను.

ఫిబ్రవరి 22

అత్తయ్య నన్ను పిలిచి తన ఎడమ పక్కన కూర్చోమన్నారు.

"వాడు నీ పేరు వేయకపోవడం తప్పేనమ్మా," అన్నారు. "అది వాడికీ చెప్పాను. గోడకి చెప్పినట్టు ఉంది."



"కానీ నీకు తెలుసు. తెలిసి, వాణ్ణి చొక్కా ఇస్త్రీ చేసి మరీ పంపించావు."

నాకు ఒళ్లు మండిపోయింది. లేచి వచ్చేశాను. పెద్దావిడని కూడా చూడకుండా తలుపు వేశాను. కొడుకు కదా, వెనకేసుకొస్తారు. నాలుగేళ్లు నా చేతులు బొబ్బలెక్కినప్పుడు ఎవరూ లెక్కలు తీయలేదు. నేను మూడు వారాలు నోరు మూసుకుంటే అందరికీ లెక్కలు వచ్చేశాయి.

చొక్కా ఇస్త్రీ చేశాను. నీలంది. కాలరు రెండుసార్లు చేశాను.

ఫిబ్రవరి 23

రాయను.

ఫిబ్రవరి 25

డైరెక్టరు పిలిపించారు. అతనూ ఉన్నాడు, గోడవైపు కుర్చీలో.

"సంస్థ పరువు అని ఒకటి ఉంటుందమ్మా," అన్నారు డైరెక్టరు. "ఇంటి గొడవలు ఇంట్లో చూసుకోవాలి."

"ఇది ఇంటి గొడవ కాదండీ. లెక్క తప్పు."

"లెక్క తప్పని సభలోనే చెప్పాలా?"

"సభలోనే నన్ను అడిగారు."

డైరెక్టరు అతనివైపు తిరిగారు. "మీ విభాగం, మీ ఇష్టం. కాంట్రాక్టు పొడిగించాలా వద్దా?"

అతను బూట్లు చూసుకుంటూ, "ఆవిడ లేకపోతే తొట్టి నడిపేవాళ్లు లేరండి," అన్నాడు.

అంతే. పని తెలిసిన మనిషి అనలేదు. తన తప్పు తానే పట్టుకుంది అనలేదు. తొట్టి నడిపేవాళ్లు లేరు. పంపు పాడైతే బాగుచేసేవాళ్లు లేరన్నట్టు. నా ఉద్యోగం నిలబెట్టాడు, దానికి థాంక్స్ చెప్పుకోవాలి కాబోలు. చివర్లో.

ఫిబ్రవరి 27

ఇంట్లో మొదటిసారి మాట్లాడాడు. కంచం ముందు నుంచి లేస్తూ.

"నేను అడిగాను. సభకి నాలుగు రోజుల ముందు, పొద్దున బయల్దేరేటప్పుడు. లెక్కలు బావున్నాయా అంటే బావున్నాయి అన్నావు."

గుర్తుంది అతనికి. గుర్తుండదనుకున్నాను.

"అది అడగడమా?" అన్నాను.

"కాదా? అయితే నిజంగా కూర్చోబెట్టి అడిగి ఉంటే చెప్పేదానివా?"

"చెప్పేదాన్ని."

"మొహం మీద చెప్పు."

"చెప్పేదాన్ని," అన్నాను మొహం మీదే.

ఇప్పుడు గది తలుపు వేసుకుని కూర్చుని అదే ఆలోచిస్తున్నాను. ఈ పుస్తకంలో కూడా అబద్ధం రాస్తే ఇంకెక్కడ రాయను నిజం? తెలీదు. ఆ మూడు వారాల్లో ఒకరోజు చెప్పేదాన్నేమో. చివరి వారంలో మాత్రం చెప్పేదాన్ని కాదు. అతను పడాలని ఉండేది నాకు. పడితే చూడాలని ఆ పక్క వరసలో కూర్చున్నాను. పడేటప్పుడు నన్నూ పట్టుకుని లాగుతాడని అనుకోలేదు. పడేవాడు ఏది దొరికితే అది పట్టుకుంటాడు కదా, అది కూడా తట్టలేదు.

దీనికి అతని మీదే కోపంగా ఉంది. న్యాయం కాదని తెలుసు. అయినా ఉంది.

మార్చి 3

పొట్టి జుట్టు ప్రొఫెసరు ఫోను చేసింది. నంబరు ఎవరిచ్చారో.

"మైనం సంగతి మీ స్టోర్ కీపరు చెప్పాడు," అంది. "స్టోర్‌లో లేకపోతే కరిగించి పోశారటగా. అది రాసి పంపండి. మంచి పేపరు అవుతుంది."

"తప్పు పట్టుకుంది మీరు కదండీ."

"నేను ప్రశ్న అడిగాను. లాగి చూసింది మీరు. ఇంకొకటి. మూడు వారాల మాట మీరు చెప్పనక్కర్లేదు ఆ రోజు. చెప్పారు. అందుకే ఫోను చేశాను. కానీ అలా మళ్లీ చేయకండమ్మా. ఎవరి మీద కోపమున్నా సరే, తప్పని తెలిసిన లెక్కను ఒక్కరోజు కూడా బయట తిరగనివ్వకూడదు."

సరే అన్నాను. ఫోను పెట్టాక గోడకేసి కొట్టాలనిపించింది. అత్తయ్య అన్న మాటే ఇదీ. ఈవిడకి అతను కొడుకేమీ కాదు, ఎవర్నీ వెనకేసుకు రావట్లేదు.

మార్చి 4

అత్తయ్య గదిలోకి వెళ్లి ఎడమ పక్కన కూర్చున్నాను. చెవిలో మందు చుక్కలు వేయమని సీసా ఇచ్చారు. వేశాను.

మార్చి 9

రాస్తున్నాను. పగలంతా తొట్టి దగ్గర, సాయంత్రం కాగితాల దగ్గర. ఇంకో మూడు మెడల పొడుగులు పోసి లాగాను, అన్నీ ఒకే బరువులో. మెడ మరీ పెరిగిపోతే మాత్రం బలం కొంచెం పెరుగుతోంది. కానీ నిజంగా అంత మెడ ఉన్న జంతువులు ఒళ్లూ అంత పెద్దవే. ఎముకల కొలతలు తీసి పక్కన పెడితే వరసగా నిలబడ్డాయి.

ఇన్నాళ్లూ వాటిని జాలిగా చూశాను. చేపబల్లి తెలివిగా చేపైపోయింది, ఇది పాపం మెడ బరువు మోసుకుంటూ చచ్చింది అని. పాపం లేదు ఏమీ లేదు. అన్ని కోట్ల ఏళ్లు ఆ ఒంటితోనే హాయిగా బతికింది.

మార్చి 12

పంపేశాను. ఒక్క పేరే. నాది. పాత లెక్క ఎక్కడ తప్పిందో మొదటి పేజీలోనే రాశాను, ఆ తప్పు నాదేనని కూడా. పంపాక అతనికి చెప్పాను, అడిగి కాదు, చెప్పాను.

"అలాగే," అన్నాడు. "నా పేరు వేయమని అడగను."

అడగనని చెప్పడం కూడా ఒక దానంలా చెప్పాడు.

మార్చి 15

ఇవాళ మధ్యాహ్నం అతను నేలమాళిగకు వచ్చాడు. గొడుగు కోసం కాదు, బయట ఎండగా ఉంది. తలుపు దగ్గరే నిలబడి, "ఎలా తెలిసింది నీకు?" అన్నాడు.

"పేపర్లో ఉంది."

"చదివాను. నువ్వు చెప్పు."

బండి మీట అతని చేతికిచ్చాను. పొట్టిమెడ మళ్లీ పోసి ఉంచాను, దాన్ని కట్టాను. "తిప్పు," అన్నాను. తిప్పాడు. మొదట మరీ వేగంగా తిప్పి నీళ్లు నా మీదికి కొట్టాడు. "నిదానంగా. ఒకే వేగంలో పోవాలి." రెండోసారి కుదిరింది. "త్రాసు చదువు." చదివాడు. పొడుగుమెడ కట్టాను. తిప్పాడు, చదివాడు. అదే అంకె. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చదివాడు. తర్వాత నేను అడక్కుండానే ఇంకోసారి లాగాడు.

"ఆ మైనం ఎందుకు కరిగించావు?"

"కొత్తది రాలేదు కాబట్టి. నువ్వు సంతకం పెట్టలేదు."

బోర్లించిన బకెట్టు మీద కూర్చున్నాడు. నేను చెప్పడం మొదలుపెట్టాను. అచ్చు పోశాక పెద్దదిగా రావడం, త్రాసు చెడిందనుకోవడం, పైకెళ్లి పక్కటెముకలు చూడటం. చెబుతుంటే నాకే తెలియకుండా గొంతులో ఉత్సాహం వచ్చింది. ఇలా ఒకరికి కూర్చోబెట్టి చెప్పి ఎన్నాళ్లయిందో. చదువుకునే రోజుల్లో ఎముకల బల్ల దగ్గర ఇలాగే చెప్పేదాన్ని, అతను ఇలాగే గడ్డం కింద చెయ్యి పెట్టుకుని వినేవాడు.

మెడ కంటే ముందు ఒళ్లు పెరగడం దగ్గరికి వచ్చేసరికి చప్పుడు వినబడింది. తలెత్తి చూశాను. జేబులోంచి కాగితం తీసి, మోకాలి మీద పెట్టి రాసుకుంటున్నాడు. ఒకటి, రెండు, మూడు అని అంకెలు వేసి, గుండ్రటి అక్షరాలతో. తాను రాస్తున్నట్టు అతనికే తెలియడం లేదు.

"పెన్ను పక్కన పెట్టు," అన్నాను.

"మర్చిపోతానని..."

"మర్చిపో."

నా మొహం చూశాడు. చాలాసేపు చూశాడు. పెన్నుకి మూత పెట్టి తొట్టి గట్టు మీద పెట్టాడు.

"కాగితం కూడా."

ఇచ్చాడు. మడిచి నా ఏప్రన్ జేబులో పెట్టుకున్నాను.

"ఇంక చెప్పు," అన్నాడు.

చెప్పాలనిపించలేదు. ఉత్సాహం పోయింది. కానీ అతను లేవలేదు. చేతులు ఏం చేసుకోవాలో తెలియక మోకాళ్ల మీద పెట్టుకుని కూర్చున్నాడు. ఆపిన చోటు నుంచి కాకుండా మళ్లీ మొదటి నుంచి చెప్పాను, ఈసారి ఉత్సాహం లేకుండా, విసుగ్గా, కోపంగా, ఒక్క ముక్క వదలకుండా. ఎక్కడెక్కడ తప్పు చేశానో కూడా చెప్పాను.

మొత్తం అయ్యాక అడిగాడు. "ఇవన్నీ తిన్నగా లాగావు కదా. మలుపు తిరిగేటప్పుడో? అంత మెడ పక్కకి తిప్పితే నీళ్లు దాన్ని ఎక్కడ పట్టుకుంటాయి?"

మంచి ప్రశ్న. నాలుగేళ్లలో నాకు ఒక్కసారి కూడా రాని ప్రశ్న. ఒళ్లు మళ్లీ మండింది, ఇంత మంచి ప్రశ్న అడగగలిగినవాడు ఇన్నాళ్లూ ఎందుకు అడగలేదని.

తెలీదు అన్నాను.